నేటాల్ వెళ్లిన మన ఆడవాళ్ల పెళ్లిళ్లు, 1913 సెర్ల్ తీర్పు: తెలిసినవాళ్లు చెప్పండి

వంశధార_ఒడ్డున:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం వైపు పల్లె. మా ఇంట్లో చిన్నప్పటి నుంచి "నేటాలప్ప" అనే మాట వింటూ పెరిగాను. మా ముత్తాతకి అక్క. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. ఒక రోజు సంతకని వెళ్లి ఇక తిరిగి రాలేదట. కూలీల్ని కట్టే మేస్త్రీతో మద్రాసు వెళ్లిపోయిందని, అక్కణ్ణుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికాలో నేటాల్ చేరిందని ఊళ్లో చెప్పుకునేవారు. మా నాన్న ఆ సంగతి ఎత్తితే మా తాత లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

పోయిన ఏడాది మా అబ్బాయి ఓడ జాబితాలో ఒక పేజీ కాపీ సంపాదించాడు. నంబరు, ఓడ పేరు ఇక్కడ రాయను, ఇంటి విషయం. ఒకే వరుసలో మనిషి మొత్తం ఉంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు. "ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ" అని ఉంది. ఆ మచ్చ కట్టెల పొయ్యి దగ్గర పడిందని మా నాయనమ్మ చెప్పేది కాబట్టి ఆమే అని నమ్ముతున్నాం. చివరి గడిలో ఫలానా నంబరు మనిషికి భార్య అని రాసి ఉంది. ఆ నంబరు మనిషిది వేరే తాలూకా, వేరే కులం.

అంటే మా ఊళ్లో విధవ, మద్రాసులో ఓడెక్కే ముందు కూలీల్ని ఉంచే డిపోలో భార్య. మరి నేటాల్‌లో ఆమె ఏమిటి? ఈ మధ్య సెర్ల్ తీర్పు గురించి చదివాను. హిందూ, ముస్లిం పెళ్లిళ్లేవీ చెల్లవని 1913లో అక్కడి కోర్టు చెప్పిందట. నాకు నిద్ర పట్టలేదు. ఈ తీర్పు మా అప్పలాంటి వాళ్లని ఏం చేసింది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

కొత్తగా_చేరా:

మాస్టారూ, అసలు ఆ తీర్పు ఏమిటో మొదట్నుంచి ఎవరైనా చెప్తారా? గాంధీ సినిమాలో చూసిన గుర్తు తప్ప నాకేం తెలియదు.

చరిత్ర_బండి:

చెప్తాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలు నేటాల్‌కి వెళ్లారు. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లే. వాళ్లలో తమిళులతో పాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లు చాలామంది. పని ఎక్కువగా చెరకు తోటల్లో. కొందరు రైల్వేలో, బొగ్గు గనుల్లో చేశారు. వీళ్లు కాక సొంత ఖర్చుతో వెళ్లిన వ్యాపారులు, ముఖ్యంగా గుజరాతీ ముస్లింలు, వేరే.

1910లో నేటాల్, కేప్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ కాలనీ కలిసి దక్షిణాఫ్రికా యూనియన్ అయ్యాయి. అప్పటికే అక్కడ స్థిరపడ్డ భారతీయుడు తన భార్యని, మైనరు పిల్లల్ని తెచ్చుకోవచ్చని నియమం ఉంది. దానితో గొడవ మొదలైంది. భార్య అంటే ఎవరు? కేప్‌లోని పోర్ట్ ఎలిజబెత్‌లో ఉండే హసన్ ఈసప్ అనే ఆయన మన దేశంలో నిఖా చేసుకున్న తన భార్య బాయి మరియంని తీసుకొచ్చాడు. ఓడ దిగనివ్వలేదు. ఆయన కోర్టుకెళ్లాడు. 1913 మార్చి 14న కేప్ సుప్రీం కోర్టు న్యాయమూర్తి మాల్కం సెర్ల్ తీర్పు చెప్పాడు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతం ప్రకారం జరిగిన పెళ్లిని ఇక్కడి చట్టం పెళ్లిగా గుర్తించదు, కాబట్టి ఈమె "భార్య" కిందికి రాదు, వెనక్కి పంపొచ్చు అన్నాడు.

గాంధీ దాన్ని ఎలా చదివారంటే, క్రైస్తవ పద్ధతిలో జరిగినవి, రిజిస్ట్రారు దగ్గర నమోదైనవి తప్ప మిగతా పెళ్లిళ్లన్నీ రాత్రికి రాత్రి చెల్లకుండా పోయాయని. హిందూ, ముస్లిం, పార్సీ ఆడవాళ్లు చట్టం కంటికి ఉంచుకున్నవాళ్లయ్యారని. ఆడవాళ్లు సత్యాగ్రహంలోకి వచ్చింది అక్కడే.

బెజవాడ_వకీలు:

చరిత్ర_బండి గారు చెప్పింది నిజమే కానీ చిన్న సవరణ. మాస్టారి టెన్షన్ కొంత తగ్గుతుందేమో.

సెర్ల్ ముందున్నది వలస చట్టం కేసు. ఓడ దిగనివ్వాలా వద్దా అన్నదే ప్రశ్న. ఊళ్లో కాపురం చేసుకుంటున్న జంటల్ని ఆయనేం విడదీయలేదు. తీర్పు కూడా కేప్ కోర్టుది. గాంధీ దాని వెనక ఉన్న సూత్రాన్ని పట్టుకుని, దాన్నే అన్నిచోట్లా వాడితే ఎక్కడికి పోతుందో చెప్పారు. అది లాయరుగా ఆయన ముందుచూపు. తీర్పులో ఉన్న అక్షరం మాత్రం అంత పెద్దది కాదు.

రెండోది, మాస్టారూ, మీ అప్ప ఒప్పంద కూలీ. ఒప్పంద కూలీల పెళ్లిళ్లకి నేటాల్‌లో విడిగా ఏర్పాటు ఉండేది. 1891 నాటి 25వ నంబరు చట్టం ప్రకారం వలస కూలీల సంరక్షకుడని ఒక అధికారి ఉండేవాడు. ఆయన్నే ప్రొటెక్టర్ అనేవారు. ఆయన ఆఫీసులో పెళ్లి రిజిస్టరు ఉండేది. అందులో నమోదైతే ఆ పెళ్లి నేటాల్‌లో చెల్లుతుంది. తాళి కట్టి సప్తపది చేసినా రిజిస్టర్ చేయించకపోతే చట్టం లెక్కలోకి రాదు.

నిక్కచ్చి:

అడక్కూడని ప్రశ్న అనుకుంటారేమో, అయినా అడుగుతాను. జడ్జి చెప్పినదాంట్లో తప్పేముంది? ఒకడు ఇద్దరు ముగ్గుర్ని చేసుకునే పద్ధతిని చట్టం ఒప్పుకోకపోవడం ఆడవాళ్లకే మంచిది కదా. ఇవాళ మనం అడిగేదీ అదే కదా?

పాతగుంటూరు:

నిక్కచ్చి గారూ, మంచి ప్రశ్నే. నేను ముస్లిం ఇంటి ఆడపిల్లని. ఫ్యామిలీ కోర్టులో పదేళ్లుగా పని చేస్తున్నాను. జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

ఆ కోర్టులో ఎవరూ "హసన్‌కి ఎంతమంది పెళ్లాలు?" అన్న లెక్క మీద తీర్పు చెప్పలేదు. అతని మతం ఎంతమందిని ఒప్పుకుంటుంది అన్నదాని మీద చెప్పారు. ఈ రెంటికీ తేడా చూడండి. ఒక్క భార్యతో జీవితాంతం ఉన్న మనిషి కూడా ఈ లెక్కలో పెళ్లి కానివాడే. ఇక దెబ్బ ఎవరికి తగిలింది? మొగుడు ఊళ్లోనే ఉన్నాడు, అతని దుకాణం అతనిదే, అతని హక్కు అతనిదే. రేవులో మూటతో నిలబడ్డది ఆమె. వెనక్కి పొమ్మన్నది ఆమెని.

బహుభార్యత్వం నాకూ ఇష్టం లేదు, ఆ బాధలు రోజూ చూస్తున్నాను. కానీ రెండో పెళ్లిని ఆపాలంటే రెండో పెళ్లి చేసుకున్నవాణ్ణి పట్టుకోవాలి. మొదటి పెళ్లాన్ని పెళ్లామే కాదంటే ఏం ఆగుతుంది? అతనికి బాధ్యత తప్పుతుంది, అంతే. మనోవర్తి ఇవ్వక్కర్లేదు, ఆస్తిలో వాటా ఇవ్వక్కర్లేదు. నా దగ్గరికొచ్చే మగవాళ్లు కొందరు ఇవాళ్టికీ వెతికే దారి అదే: "అసలది పెళ్లే కాదు మేడం."

బెజవాడ_వకీలు:

పాతగుంటూరు గారు అన్నది అక్షరాలా నిజం. దీని మూలం ఇంకా వెనక ఉంది. ఇంగ్లండులో 1866లో హైడ్ వర్సెస్ హైడ్ అని ఒక కేసు. హైడ్ మోర్మన్ మతంలో ఉండగా యూటాలో పెళ్లి చేసుకున్నాడు, ఒక్కటే పెళ్లి. తర్వాత ఆ మతం వదిలేశాడు, భార్య వేరొకర్ని చేసుకుంది. విడాకులివ్వమని ఇంగ్లండు కోర్టుకొచ్చాడు. లార్డ్ పెంజాన్స్ ఏమన్నాడంటే, క్రైస్తవ లోకం అర్థం చేసుకునే పెళ్లి అంటే ఒక మగవాడూ ఒక ఆడదీ, మరెవరికీ చోటు లేకుండా, జీవితాంతం కలిసుండే బంధం. బహుభార్యత్వానికి వీలున్న మతంలో జరిగింది ఆ అర్థంలో పెళ్లి కాదు, కాబట్టి విడాకులివ్వలేం అన్నాడు. ఒక్క భార్యే ఉన్నా అంతే.

"క్రైస్తవ లోకం" అన్న మాట చూడండి. ఒక మతం కొలబద్దని చట్టం కొలబద్దగా పెట్టి, మిగతా మతాలన్నిటినీ దానితో కొలిచారు.

ఇందులో మన హిందువులు గమనించాల్సింది ఇంకోటుంది. చాలామంది ఇది ముస్లింల గొడవ అనుకుంటారు. 1913లో హిందూ ధర్మశాస్త్రం కూడా మగవాడికి రెండో పెళ్లిని ఒప్పుకునేది. మద్రాసు రాష్ట్రంలో దాన్ని ఆపింది 1949 చట్టం. దేశమంతటా 1955 హిందూ వివాహ చట్టం. కాబట్టి సెర్ల్ కొలతలో అన్నవరంలో జరిగిన పెళ్లీ గుంటూరులో జరిగిన నిఖా ఒకటే. రెండూ చెల్లవు.

వంశధార_ఒడ్డున:

ఇది నాకు తట్టలేదు వకీలు గారూ. మా ఇంట్లో అందరూ "అది వాళ్ల సంగతి" అనే అన్నారు.

మీరు చెప్పిన ప్రొటెక్టర్ రిజిస్టరు గురించి ఇంకొంచెం చెప్పండి. అంత పెద్ద తీర్పు చెప్పిన దేశమే కూలీల పెళ్లిళ్లని రాసుకుంది కదా. ఎందుకు?

చరిత్ర_బండి:

మాస్టారూ, దీనికి నేను జవాబు చెప్తాను, ఇది నా అభిమాన విషయం.

ఓడలో వంద మంది మగవాళ్లుంటే కనీసం 40 మంది ఆడవాళ్లుండాలని నియమం. ఏజెంటు ఎలాగైనా ఆ లెక్క నింపాలి. అందుకే ఒంటరి ఆడవాళ్లని, విధవల్ని, ఇంట్లోంచి వచ్చేసినవాళ్లని తెచ్చేవారు. డిపోలో పరిచయమై జంటలైనవాళ్లు చాలామంది. కాగితం మీద భార్యాభర్తలని రాస్తే ఇద్దర్నీ ఒకే తోటకి ఇస్తారు. మీ అప్పకి వేరే తాలూకా మనిషి భర్త అయ్యాడంటే ఇలాగే అయి ఉండొచ్చు.

ఇక జీతం. మగవాడికి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు చొప్పున పెరుగుతుంది. ఆడమనిషికి అందులో సగం. తోట యజమానికి భార్య అంటే అక్కడే కట్టుబడి ఉండే ఇంకో కూలీ. పెళ్లి రిజిస్టరు ఉంటే ఎవరు ఎవరి బాధ్యతో తెలుస్తుంది, లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో, గొడవలు తగ్గుతాయి, పని సాగుతుంది. అందుకే రాసుకున్నారు. పని చేయించుకోవడానికి వాళ్ల పెళ్లి పెళ్లే. అదే మతం మనిషి స్వేచ్ఛగా టికెట్ కొనుక్కుని పెళ్లాంతో రేవులో దిగితే మాత్రం పెళ్లి కాదు. నాకు ఈ చరిత్ర మొత్తంలో మండిపోయేది ఇక్కడే.

ఒప్పందం ముగిశాక ఏమయ్యేదో కూడా చెప్పాలి. 1895 చట్టం ప్రకారం, అయిదేళ్లు పూర్తయ్యాక మళ్లీ ఒప్పందం చేసుకోకుండా, వెనక్కీ పోకుండా అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌన్ల పన్ను. ఆడవాళ్లకీ ఉంది. తర్వాత 13 ఏళ్లు దాటిన ఆడపిల్లలకీ 16 దాటిన మగపిల్లలకీ పెట్టారు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. నెలకి 5 షిల్లింగులు తెచ్చుకున్న ఆడమనిషికి అది 12 నెలల కూలి. మొగుడు, పెళ్లాం, ఎదిగిన పిల్లలిద్దరూ ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌన్లు.

నిక్కచ్చి:

పాతగుంటూరు గారికి ధన్యవాదాలు. నా ప్రశ్నలో లోపం అర్థమైంది. ఇంకొక్కటి. 1913లో గనుల్లో, తోటల్లో వేలమంది సమ్మె చేసింది పన్ను కోసం కదా? పెళ్లి విషయం గాంధీ, ఆయన చుట్టూ ఉన్న చదువుకున్న కుటుంబాల బాధ అనిపిస్తుంది. కూలీలకి అది నిజంగా పట్టిందా?

చరిత్ర_బండి:

సమ్మెకి ప్రాణం పన్నే, సందేహం లేదు. కానీ దాన్ని గనుల దాకా మోసుకెళ్లింది ఎవరో చూడండి.

1913 మే నెలలోనే ట్రాన్స్‌వాల్ భారతీయ మహిళల సంఘం ప్రభుత్వానికి తంతి పంపింది. మా పెళ్లిళ్లని గుర్తించకపోతే జైలుకెళ్తాం అని. సెప్టెంబరు 15న గాంధీ పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం నుంచి 16 మంది బయల్దేరారు. అందులో నలుగురు ఆడవాళ్లు, ఒకరు కస్తూర్బా. పర్మిట్ లేకుండా ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటారు, పట్టుబడ్డారు, మూడు నెలల కఠిన శిక్ష పడింది. మారిట్స్‌బర్గ్ జైలు.

ఇంకోవైపు ట్రాన్స్‌వాల్ నుంచి మరో 11 మంది ఆడవాళ్లు బయల్దేరారు, కొందరి చంకలో చంటిపిల్లలు. ముందు వాళ్లని ఎవరూ అరెస్టు చేయలేదు. వాళ్లు నేరుగా నేటాల్‌లోని న్యూకాజిల్ బొగ్గు గనుల దగ్గరికెళ్లి కార్మికులతో మాట్లాడారు. అక్టోబరు మధ్యలో గనులు ఆగాయి. ఆ తర్వాత వాళ్లనీ జైల్లో వేశారు. నవంబరు 6న చార్ల్స్‌టౌన్ నుంచి గాంధీ వెంట ట్రాన్స్‌వాల్ వైపు నడిచినవాళ్ల లెక్క: 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు. తర్వాత తోటలకీ సమ్మె పాకింది, కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. వల్లియమ్మ అనే పదహారేళ్ల పిల్ల జైల్లో జ్వరం తెచ్చుకుని, విడుదలయ్యాక 1914 ఫిబ్రవరి 22న పోయింది.

పెళ్లి కోసం బయల్దేరిన ఆడవాళ్లు పన్ను కోసం గనుల దగ్గర మాట్లాడారు. వాళ్లకి ఈ రెండూ వేరు కాదేమో అనిపిస్తుంది. ఇంటి మీద పడ్డ పన్నూ, ఆ ఇల్లు ఇల్లే కాదనే తీర్పూ ఒకే గుమ్మంలోకి వచ్చాయి.

కొత్తగా_చేరా:

తంబి నాయుడు గారని పేరు విన్నాను. ఆయన మనవాడేనా?

చరిత్ర_బండి:

నాయుడు అనగానే మనకి ఆశ పుడుతుంది. ఆయన మారిషస్‌లో పుట్టారు. గాంధీ ఆయన్ని తమిళుడిగానే రాశారు. జొహానెస్‌బర్గ్‌లో ఉద్యమానికి వెన్నెముక ఆయన. ఆయన భార్య కూడా ఆ 1913 ఆడవాళ్లలో ఒకరు. ఎవరి మనిషి అన్నది పక్కన పెడదాం. ఆ జైళ్లలో తెలుగూ తమిళమూ కలిసే ఉండేవి.

మోడరేటర్:

చర్చ చక్కగా సాగుతోంది. కులం, మతం మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి విషయం మీదే ఉండండి.

బెజవాడ_వకీలు:

ఇక చివరికి ఏమైందో చెప్పాలి. 1913 నవంబరులో వైస్రాయి హార్డింజ్ మద్రాసులోనే మాట్లాడుతూ దక్షిణాఫ్రికా భారతీయుల పోరాటానికి బాహాటంగా సానుభూతి చెప్పాడు. ఒత్తిడి పెరిగింది. అక్కడి బోతా ప్రభుత్వం విచారణకి సాలమన్ కమిషన్ వేసింది. దాని సిఫారసుల మీద 1914లో ఇండియన్స్ రిలీఫ్ యాక్ట్ వచ్చింది. 3 పౌన్ల పన్ను పోయింది.

పెళ్లి విషయంలో మూడు వచ్చాయి. ఒకటి, ఏ భారతీయ మతానికి చెందిన పురోహితుణ్ణయినా, ఇమామునయినా వివాహ అధికారిగా నియమించవచ్చు. రెండు, అప్పటికే మత పద్ధతిలో పెళ్లయి, ఇద్దరి మధ్య మూడో మనిషి లేకపోతే, ఆ జంట దరఖాస్తు పెట్టి నమోదు చేయించుకోవచ్చు. పెళ్లి జరిగిన రోజు నుంచే అది చెల్లుతుంది. మూడు, బయటి నుంచి ఒక్క భార్యని, ఆమె పిల్లల్ని తెచ్చుకోవచ్చు.

విజయమే, కాదనను. కానీ నా అభిప్రాయం చెప్తాను. ఇది సమానత్వం కాదు. చర్చిలో పెళ్లి చేసుకున్నవాణ్ణి "నీ మతం ఏమంటుంది?" అని అడగలేదు. మనవాళ్లని మాత్రం "నీ మతం సంగతి పక్కన పెట్టి మా పద్ధతికి ఒప్పుకుంటానని సంతకం పెట్టు, అప్పుడు పెళ్లి అంటాం" అన్నారు. సంతకం పెట్టనివాళ్ల సంగతి ఎక్కడిదక్కడే.

డర్బన్_కాకినాడ:

ఈ థ్రెడ్ రెండు రోజులుగా చదువుతున్నాను. నేను కాకినాడ నుంచి ఉద్యోగం మీద వచ్చి డర్బన్‌లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. వకీలు గారి ఆఖరి వాక్యం చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. నాలుగో తరం తెలుగువాళ్లు. తెలుగు మాట్లాడలేరు కానీ "అవ్వ", "పప్పు", "బొట్టు", "దండం" అన్న మాటలు ఉన్నాయి. రాములవారి పాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న పుస్తకం ఉంది. 1931 నుంచి ఇక్కడ ఆంధ్ర మహాసభ ఉంది కదా, చిన్నప్పుడు ఆ బడికి వెళ్లారట. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అంటాను.

ఆవిడ పెళ్లి గుడిలో జరిగింది. అయ్యవారు మంత్రాలు చదివారు, తాళి కట్టించారు, నాలుగు వందల మంది భోంచేశారు. ఆ అయ్యవారు వివాహ అధికారి కాదని పెళ్లికూతురికి ఎవరు చెప్తారు? తర్వాత రిజిస్టరు చేయించుకుందాం అనుకున్నారు, అలా ఉండిపోయింది. నలభై ఏళ్ల కాపురం, నలుగురు పిల్లలు. పెద్దాయన వీలునామా రాయకుండా పోయారు.

ఆవిణ్ణి ఒక ఆఫీసుకి నేనే తీసుకెళ్లాను. కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే అడిగింది, "మ్యారేజ్ సర్టిఫికెట్?" పెద్దమ్మ సంచిలోంచి పెళ్లి ఫోటో తీశారు. నలుపు తెలుపు ఫోటో, మూలన చెద తిన్నది. ఆ అమ్మాయి ఫోటో చూసి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ఇచ్చేసింది. ఫారంలో ఒక గడి నింపింది. నేను వంగి చూశాను. "అవివాహిత" అనే అర్థం వచ్చే గడిలో టిక్ పెట్టింది. పెద్దమ్మకి కళ్లజోడు లేదు, అదృష్టం. నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక కారు దిగుతూ ఆవిడే అడిగారు, "అందులో నన్నేమని రాశారు?" అని.

తర్వాత అఫిడవిట్లు, గుడివాళ్ల ఉత్తరం, ఒక లాయరు. అతనే చెప్పాడు, డర్బన్ హైకోర్టులో ఇలాంటి హిందూ విధవ ఒకామె గెలిచిందని. రిజిస్టరు కాని హిందూ పెళ్లయినా, వీలునామా లేకుండా చనిపోయిన భర్త ఆస్తిలో ఆమె భార్యే అని. ఆ తీర్పు మాకు పనికొచ్చింది. పద్నాలుగు నెలలు పట్టింది.

పాతగుంటూరు:

డర్బన్ గారూ, మీరు రాసిన ఆ గడి గురించి చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మళ్లీ వచ్చి రాస్తున్నాను.

మా వైపు కథ ఇంకా పొడుగు. 1914 చట్టంలో పేరు రాయించుకోవాలంటే ఒక్క భార్య పద్ధతికి ఒప్పుకోవాలి కాబట్టి చాలామంది మౌల్వీలు వివాహ అధికారులు కాలేదు. దాంతో నిఖా చేసుకున్న ఆడవాళ్లు తరాల తరబడి చట్టం బయటే ఉండిపోయారు. 1983లో కూడా అక్కడి అత్యున్నత అప్పీలు కోర్టు ఇస్మాయిల్ కేసులో, విడిపోయిన భార్య మనోవర్తి, మహర్ అడిగితే, ఇలాంటి బంధం లోకనీతికి విరుద్ధం కాబట్టి ఏమీ ఇప్పించలేం అంది. సెర్ల్ తీర్పుకి 70 ఏళ్ల తర్వాత!

వర్ణవివక్ష పాలన పోయి కొత్త రాజ్యాంగం వచ్చాకే గాలి మారింది. 2004లో డేనియల్స్ కేసులో ముస్లిం విధవకి వారసత్వం ఇచ్చారు. 2009లో హసమ్ కేసులో ఒకరికంటే ఎక్కువ భార్యలున్నా విధవలకి హక్కుందన్నారు. 2022 జూన్ 28న రాజ్యాంగ న్యాయస్థానం, ముస్లిం పెళ్లిళ్లని గుర్తించని వివాహ చట్టం, విడాకుల చట్టం రాజ్యాంగ విరుద్ధం అని తేల్చింది. విడాకుల చట్టానికి సవరణ వచ్చింది 2024లో. బాయి మరియంని ఓడ దిగనివ్వనప్పటి నుంచి లెక్కేస్తే 111 ఏళ్లు.

నిక్కచ్చి గారూ, మీకు నేను మొదట చెప్పింది మళ్లీ చెప్తాను. ఈ 111 ఏళ్లలో ఆ గుర్తించకపోవడం వల్ల ఒక్క మగవాడు కూడా రెండో పెళ్లి మానుకోలేదు.

నిక్కచ్చి:

ఒప్పుకుంటున్నాను అక్కా. అక్కడి ఆఫ్రికన్ల సొంత ఆచార వివాహాల సంగతి ఏమిటి? వాళ్లకీ బహుభార్యత్వం ఉంది కదా.

బెజవాడ_వకీలు:

వాళ్లవి కూడా చాలాకాలం పూర్తి పెళ్లిళ్లు కావు, "కలయిక" అని తక్కువ పేరుతో రాసేవారు. 1998లో ఆచార వివాహాల గుర్తింపు చట్టం చేశారు, 2000 నవంబరు 15 నుంచి అమలు. ఒకరికంటే ఎక్కువ భార్యలున్న పెళ్లిని కూడా, కోర్టు దగ్గర ఆస్తి ఒప్పందం చూపించాలనే షరతుతో గుర్తించారు. కానీ అది ఆఫ్రికన్ ఆచారాలకే. హిందూ, ముస్లిం పెళ్లిళ్లు అందులోకి రావు. కాబట్టి బహుభార్యత్వం ఒక్కటే అడ్డు అనుకోవడానికీ లేదు.

వంశధార_ఒడ్డున:

అందరికీ చేతులెత్తి దండం. ఇంత ఓపిగ్గా చెప్పారు. నేనొకటి అడగాలి, కొంచెం ఇబ్బందిగా ఉంది.

మా తాత ఎందుకు లేచి వెళ్లిపోయేవాడో నాకిప్పుడు అర్థమవుతోంది. అప్ప విధవ. 1856 నుంచి విధవా వివాహానికి చట్టం ఉంది. వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో 1881 డిసెంబరులో మొదటి పెళ్లి చేయించారు. అయినా మా పల్లెలో అది పెళ్లి కాదు. లేచిపోవడం. అక్కడ జడ్జి "నీ మతం వల్ల నువ్వు భార్యవి కావు" అంటే, ఇక్కడ మా ఇంట్లోవాళ్లు కూడా మతం పేరు చెప్పే అదే మాట అన్నారు. ఇన్నాళ్లూ నేను సెర్ల్ మీద కోపంగా ఉన్నాను. మా ఇంటి మీద కోపం తెచ్చుకోలేదు.

నా ప్రశ్న: ఆ డిపోలో రాసిన మాట నేటాల్‌లో చెల్లిందా? ఆమె అక్కడ భార్యగా బతికిందా?

బెజవాడ_వకీలు:

మాస్టారూ, దిగాక ప్రొటెక్టర్ రిజిస్టరులోకి ఎక్కి ఉంటే చెల్లినట్టే. 1913 తీర్పు వల్ల ఆమె కాపురానికి నేరుగా ప్రమాదం రాదు. ఒప్పందం ముగిశాక మన దేశం వచ్చి మళ్లీ వెళ్లాలనుకుంటే మాత్రం రేవులో కాగితం అడిగేవారు. మీరు రాసినదాన్ని బట్టి ఆమె తిరిగి రాలేదు.

డర్బన్_కాకినాడ:

మాస్టారూ, ఆ రెండు నంబర్లు నాకు మెసేజ్ చేయండి. ఇక్కడ వెస్ట్‌విల్‌లో యూనివర్సిటీ డాక్యుమెంటేషన్ సెంటర్లో ఓడ జాబితాల డేటాబేస్ ఉంది. పెద్దమ్మ కూడా వస్తానంటున్నారు. ఇలాంటి పనికి ఆవిడకి ఉత్సాహం.

డర్బన్_కాకినాడ:

మూడు వారాలైంది, ఆలస్యానికి క్షమించండి. మాస్టారికి విడిగా అన్నీ పంపాను. ఆయన ఇక్కడ కూడా రాయమన్నారు. పెళ్లి నమోదు దొరకలేదు. పాత రిజిస్టర్లు కొన్ని పూర్తిగా లేవు. దొరికింది ఏమిటంటే, ఇద్దర్నీ ఒకే చెరకు తోటకి ఇచ్చారు. ఏడేళ్ల తర్వాత కాగితం ఒకటి, పిల్లవాడి పుట్టుక. తల్లి నంబరు ఆమెది, తండ్రి నంబరు అతనిది. పెద్దమ్మ ఆ కాగితం మీద వేలు పెట్టి ఆ రెండు నంబర్లూ పైకి చదివారు.

వంశధార_ఒడ్డున:

చేరింది తల్లీ. పెద్దమ్మగారికి నా నమస్కారం చెప్పు.

మా ఇంటి వంశవృక్షం మా నాన్న గీసింది, గోడకి ఉంటుంది. అప్ప పేరు దగ్గర గీత ఆగిపోయి ఉంది, పక్కన ఏమీ లేదు. నిన్న కిందికి దించి అద్దం తీశాను. అతని పేరు, ఊరు, తాలూకా రాశాను. కింద ఆ పిల్లవాడి పేరు రాశాను. మా అబ్బాయి కులం కూడా రాయాలా నాన్నా అని అడిగాడు. మిగతా ఎవరి పేరు దగ్గరా లేదు కదా, వద్దన్నాను.